బొగ్గునుండి చమురు - బూడిద ఎవరి పాలు?

నేలలోని రాక్షసిబొగ్గును వాయువుగను, ఆ వాయువును చమురుగను, మిథనాలుగను, ఎరువుగను మార్చి దేశమును పరాధీనతనుండి తప్పింపవలెనని కేంద్ర ప్రభుత్వమువారు సంకల్పించియున్నారు. 2030 నాటికి సంవత్సరమునకు 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చవలెనని లక్ష్యము నిర్ణయింపబడినది. ఇందులకై 8,500 కోట్ల రూపాయల సహాయమునకు 2024 జనవరి 24వ తేదీన మంత్రివర్గము ఆమోదము తెలిపినది. మన దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండియే రావలసియున్నది. ఎక్కడనో యుద్ధము పుట్టినచో ఇక్కడ రైతు పంపుసెట్టునకు పోయు నూనె ధర పెరుగును. ఇట్టి స్థితిలో స్వదేశపు గనులనుండి స్వదేశపు ఇంధనము పుట్టింపవలెనను కోరికను ఏ దేశాభిమానియు కాదనజాలడు.

అయినను ఈ మహాసంకల్పమును గూర్చిన ప్రసంగములయందు చమురెంత వచ్చునో చెప్పుచున్నారుగాని, చమురు పోగా మిగులునదేమో, అది ఎవరి వాకిట పడునో చెప్పువారు అరుదు. ఆ మిగులుబడి కొలిమిలో పుట్టునది కాదు. అంతకు పూర్వమే, బొగ్గును పగులగొట్టి, జల్లించి, కడిగి సిద్ధపరచు చోటనే దాని లెక్క ప్రారంభమగును. ఆ లెక్క తేలనిదే పని సాగరాదని మా అభిప్రాయము.

దీనితో వికారాబాదు, తాండూరు పట్టణములకేమి పని యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. తెలుగు నేలపై తాండూరు అను పేరుగల ఊళ్లు రెండున్నవి. ఒకటి మంచిర్యాల జిల్లాలో బెల్లంపల్లి చెంతనున్న బొగ్గు తాండూరు. రెండవది మన రాతి తాండూరు. మన భూమిలో బొగ్గు లేదు, సున్నపురాయి కలదు. కాని ఆ రాతిని సిమెంటుగా మార్చుటకు బొగ్గు కావలెను. కరణ్‌కోటలోని సిమెంటు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారి కర్మాగారము మొదలు ఈ ప్రాంతపు సిమెంటు కర్మాగారములన్నియు బొగ్గుమీదనే నిలిచిన పరిశ్రమలు. సికింద్రాబాదునుండి వికారాబాదు, తాండూరుల మీదుగా వాడికి పోవు రైలుమార్గము 1874లో తెరువబడినది. అంతకు మూడేండ్లకు ముందు, 1871లో, భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనినాడు; 1889లో అచ్చట త్రవ్వకము ప్రారంభమైనది. రైలును బొగ్గును ఒక్క తరములోనే మన సీమకు వచ్చినవి. కావున బొగ్గుయొక్క మంచిచెడ్డలు మనకు పరాయివి కావు.

సిమెంటు కొలిమికిని, చమురు తీయు కొలిమికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. సిమెంటు కొలిమిలో బొగ్గు కాలగా మిగిలిన బూడిద సున్నపురాతితో కలిసి కరిగి, క్లింకరులోనే ఇమిడిపోవును. అది కూడ సరకే యగును. అందుచేత సిమెంటు కొలిమి ఒక మేరకు బూడిదను సహింపగలదు. వాయువును పుట్టించు కొలిమికి అట్టి ఓర్పు లేదు. దానికి బూడిద సరకు కాదు, శత్రువు.

మన దేశపు బొగ్గులో బూడిద హెచ్చు. పూర్వయుగములందు ప్రవాహములు ఈడ్చితెచ్చిన వృక్షశకలములు మట్టితో కూడ పేరుకొనుటచే గోండ్వానా బొగ్గులు ఏర్పడినవని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ మట్టియే నేడు బూడిదగా కనబడుచున్నది. విద్యుత్కేంద్రములకు పోవు దేశీయపు బొగ్గులో నూటికి 35 మొదలు 45 పాళ్ల వరకు బూడిద యుండుట సామాన్యము. అనగా నూరు బండ్ల బొగ్గు పోవుచున్నదని మనము తలచునపుడు, నలువది బండ్ల మట్టి కిరాయి చెల్లించుకొని ప్రయాణము చేయుచున్నదన్నమాట. గంధకము తక్కువగా నుండుట మాత్రము మన బొగ్గునకు గల సుగుణము.

ఇక బొగ్గు చమురగు విధానమును సంగ్రహముగా తెలిసికొందము. పెట్రోలునందు ఒక కర్బన పరమాణువునకు రమారమి రెండు ఉదజని పరమాణువు లుండును. బొగ్గులో ఒకటికూడ నిండుగా నుండదు. ఆ లోటును నీరు తీర్పవలెను. మండుచున్న బొగ్గుమీదికి ప్రాణవాయువును, నీటి ఆవిరిని పంపినచో కర్బన మోనాక్సైడును, ఉదజనియు కలిసిన వాయువు వెలువడును. దానిని శుద్ధిచేసి, ఇనుము, కోబాల్టు వంటి లోహముల సాన్నిధ్యమున సంయోగపరచినచో చమురు లభించును. ఈ మార్గమును 1925లో జర్మనీలో ఫ్రాంజ్ ఫిషరు, హాన్స్ ట్రోప్షు అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇందు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను: బొగ్గు కావలెను, అపారముగా నీరు కావలెను, అధికమైన కర్బనము బొగ్గుపులుసు వాయువుగా బయటపడవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కదానినుండియు తప్పించుకొను మంత్రము లేదు.

ఈ విద్యను పెద్దయెత్తున నడిపిన దేశములలో రెండు ముఖ్యముగా చెప్పదగినవి. రెండవ ప్రపంచ సంగ్రామమున జర్మనీ తన విమానములను బొగ్గునుండి తీసిన ఇంధనముతో నడుపుకొనినది. తరువాత దక్షిణాఫ్రికా 1950లో సాసోల్ సంస్థను స్థాపించి, 1955 నుండి బొగ్గునుండి చమురు తీయుచున్నది. రెండు చోట్లను చౌకదనము కారణము కాదు; చమురు దొరకదను భయమే కారణము. దక్షిణాఫ్రికాలోని సెకుండా కర్మాగారము నేడు ప్రపంచమున ఒక్క స్థలమునుండి అత్యధికముగా బొగ్గుపులుసు వాయువును వెలువరించు చోటుగా పేరుపడినది. ఆ స్వావలంబనమునకు చెల్లించిన మూల్యమిది.

మన కథ ఇంకను సమీపముననే యున్నది. గోదావరి తీరమున రామగుండమందు, బొగ్గుగనుల నడుమ, భారత ఎరువుల సంస్థవారు బొగ్గును వాయువుగా మార్చి యూరియా చేయు కర్మాగారమును నిర్మించిరి. అది 1980లో ఉత్పత్తి ప్రారంభించినది. అందలి కొలిమి జర్మనుల కాపర్స్-టోట్జెక్ పద్ధతిది. బొగ్గు పొడిని మహోష్ణమున కాల్చి, బూడిదను కరిగించి తీయునది. మన బూడిదలో ఇసుకాంశము, అల్యూమినా హెచ్చగుటచే అది సులభముగా కరగదు. కరగించుటకు ప్రాణవాయువును వేడిమియు వృథాగా వ్యయమగును. బూడిద హెచ్చైన బొగ్గు, తరచు విద్యుచ్ఛక్తి నిలిచిపోవుట, యంత్రముల చిక్కులు అన్నియు కలిసి ఆ కర్మాగారమును ఏనాడును నిండు శక్తితో నడువనీయలేదు. 1999లో అది మూతపడినది. వేలకొలది కుటుంబముల జీవనము దానితోపాటు మూతపడినది. అదే స్థలమున 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కొత్త కర్మాగారము బొగ్గుతో కాక, తూర్పు తీరమునుండి గొట్టపుమార్గమున వచ్చు సహజవాయువుతో నడచుచున్నది. బొగ్గుమీద కూర్చున్న ఊరు దూరపు వాయువుకై చేయి చాపవలసివచ్చినది! పరాయి దేశపు బొగ్గునకు తగిన కొలిమిని తెచ్చి, మన బొగ్గును దానికి తగినట్లు సిద్ధపరపక నడుపబూనినచో ఏమగునో రామగుండము చెప్పుచున్నది.

ఇందువలన మన శాస్త్రజ్ఞులు నిరాశపడలేదు. 1944లో హైదరాబాదు సంస్థానము నెలకొల్పిన పరిశోధనాలయము, తరువాత ప్రాంతీయ పరిశోధనాలయమై, నేడు భారత రసాయన సాంకేతిక సంస్థగా నున్నది. అచ్చట చిరకాలము దేశీయపు బొగ్గులపై పరిశోధన సాగినది. ఇటీవల హైదరాబాదులోని భెల్ పరిశోధనశాలవారు రోజునకు 1.2 టన్నుల బొగ్గును వాయువుగా మార్చు ప్రయోగ యంత్రముతో 0.25 టన్ను మిథనాలును తీయగలిగిరి. 2022 జనవరిలో అది దేశమునకు అంకితమైనది. అందలి కొలిమిలో బొగ్గు నలుసులు గాలి వేగమునకు కాగుచున్న నీటివలె పొరలుచుండును. వేడిమి బూడిద కరగు స్థాయికి చేరకుండునట్లు నిలుపుదురు. బూడిద పొడిగానే దిగును. మన మట్టికి తగిన నాగలి మనమే చేసికొనుట యన నిదియే. ఈ ప్రయత్నము మిక్కిలి శ్లాఘనీయము. కాని ఇక్కడను అంకెలను చూడుడు: అయిదు పాళ్ల బొగ్గుకు ఒక పాలు మిథనాలు. తక్కిన నాలుగు పాళ్లు ఎచ్చటికి పోవును? కొంత బూడిద, కొంత పొగ, కొంత వేడిమి. ప్రయోగశాలలో అది బస్తాలలో పట్టును; కోట్ల టన్నులైనపుడు కొండలగును.

ఈ కొండను తగ్గించు మొదటి ఉపాయము బొగ్గును కడుగుట. కడుగుట యన బట్టలు ఉదికినట్లు కాదు. శుద్ధమైన బొగ్గు నీటికన్న కొంచెమే బరువు. రాయి రెండు మొదలు రెండున్నర రెట్లు బరువు. ఇనుపరాతి పొడిని నీటిలో కలిపి నడిమి సాంద్రత గల ద్రవము చేసి అందులో పగులగొట్టిన బొగ్గును వేసినచో, మంచి బొగ్గు తేలును, రాయి మునుగును. కాని మన బొగ్గులో మట్టి పైపొరగా నంటియుండక, నలుసు నలుసునందును నాటుకొని యున్నది. అందుచేత సగము బొగ్గు సగము రాయియైన ముక్కలు అటు తేలక ఇటు మునుగక తికమక పెట్టును. మెత్తగా నూరినకొలది రాయి విడివడును. కాని మెత్తనైనకొలది పొడి హెచ్చి, నీరు హెచ్చి, బురద హెచ్చును.

ఒక చిన్న లెక్క వేసి చూతము. నూటికి 40 పాళ్ల బూడిదగల బొగ్గు నూరు టన్నులు కడిగితిమనుకొందము. 33 పాళ్ల బూడిదతో 80 టన్నులు మంచి బొగ్గు దిగినచో, 20 టన్నుల రద్దు మిగులును. ఆ రద్దులో 68 పాళ్లు బూడిద, తక్కినది మండు పదార్థము. అనగా నూరు టన్నులలో ఆరు టన్నులకు పైగా ఇంధనము రద్దుతో పోవుచున్నది. అది పోవుటయే కాదు, ఆరుబయట కుప్పగా పోసినచో గాలి తగిలి తనంతట తానే రాజుకొని నెలల తరబడి పొగలు గ్రక్కును. వానకు కరిగి వాగులలో దిగును. కడిగిన నీరు చెరువులో చేరినచో నల్లని అడుసు అడుగున పేరుకొనును. కడుగుటవలన బూడిద నశింపదు, చోటు మారును. కొలిమి వాకిటనుండి గని వాకిటికి వచ్చును. అంతియే భేదము.

ఇక కొలిమిలోనికి పోయిన పిదప వచ్చు కష్టములు వేరు. కొన్ని పద్ధతులలో తారు, ఫినాలు, అమ్మోనియా కలిసిన విషజలము దిగును. గంధకము హైడ్రోజన్ సల్ఫైడు అను ప్రాణాపాయకరమైన వాయువుగా వెలువడును. వీనిని పట్టి శుద్ధిచేయు విద్య కలదు; కాని ఆ విద్యకు ధనము కావలెను, కనిపెట్టి చూచు అధికారి కావలెను. బొగ్గుపులుసు వాయువును పట్టి భూగర్భమున దాచనిచో, బొగ్గునుండి తీసిన చమురు వెలువరించు వాయువు మొత్తముమీద ముడిచమురుదానికి రమారమి రెట్టింపగును. స్వదేశపు ఇంధనమను పేరు గాలికి తెలియదు.

ప్రభుత్వమువారి నడవడిలో ఇక్కడనొక వైపరీత్యము కనబడుచున్నది. బూడిద 34 పాళ్లకు మించిన బొగ్గును దూరపు విద్యుత్కేంద్రములు వాడరాదని 1997లో ఉత్తరువు చేసిరి. 2014లో ఆ దూరమును అంచెలంచెలుగా 500 కిలోమీటర్లకు తగ్గించి నిబంధనను బిగించిరి. 2020 మే నెలలో ఆ నిబంధననే ఎత్తివేసిరి. కడుగుటవలన కాలుష్యము గనుల చెంతకు మారుచున్నదే గాని తగ్గుటలేదనునది వారు చూపిన కారణములలో నొకటి. ఆ కారణములో సత్యము లేకపోలేదు. కాని అందుకు మందు కడుగుట మానుటయా, కడిగిన రద్దునకు దారి చూపుటయా? రద్దునకు దారి చూపలేక నిబంధనను ఎత్తివేసినవారు, రేపు 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చబూనినపుడు ఏ దారి చూపుదురు? ఈ ప్రశ్నకు ఉత్తరము రావలసియున్నది.

రద్దునకు దారి చూపని పరిశ్రమ ఎట్లుండునో తాండూరు ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. మన నాపరాళ్లు దేశమంతట ఇండ్లకు నేలలగుచున్నవి. వేలమందికి కూడు పెట్టుచున్నవి. కాని రాతిని కోసి నునుపుచేయగా దిగు తెల్లబురద దారుల ప్రక్కను, పొలముల గట్లను కుప్పలుపడి, ఎండి, గాలికి లేచి, ఊపిరితిత్తులలో చేరుచున్నది. రాయి అమ్మినవానికి లాభము, కొన్నవానికి నేల. బురద మాత్రము ఊరిది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కందికి రుచి నిచ్చినది ఈ నేలయే. ధూళి కప్పిన ఆకు ఎండను త్రాగలేదు. మూసీనది వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టి హైదరాబాదునకు పోవుచున్నది. కాగ్నా తాండూరు నొరసికొని భీమానదిలో కలియుచున్నది. రెండును తుదకు కృష్ణలోనివే. నదుల పుట్టింటనున్న మనము, నీటిని త్రాగు పరిశ్రమలను గూర్చి ఇతరులకన్న ముందు మేలుకొనవలెను.

అట్లని బొగ్గుతో మనకు పొత్తేలేదని త్రోసివేయుట యుక్తము కాదు. ఈ పనిలో మన సీమకు పాలు కలుగవచ్చును. బూడిదను త్వరగా కరిగించుటకు కొన్ని కొలుములలో సున్నపురాతిని కలుపుదురు. సిమెంటులో నూటికి 15 మొదలు 35 పాళ్ల వరకు విద్యుత్కేంద్రపు బూడిదను కలుపుటకు ప్రమాణములు అనుమతించుచున్నవి. వాయువు కొలుముల బూడిదయు పరీక్షలకు నిలిచినచో, గనుల చెంత కొండలై పడవలసినది మన కొలుములకు సరకు కావచ్చును. కాని మండని కర్బనము హెచ్చుగానున్న బూడిద సిమెంటును చెరచును, భారలోహము లుండవచ్చును. పరీక్షింపక తెచ్చి పోసినచో, తెల్లబురద ప్రక్కను నల్లబురద చేరును. అంతకన్న వేరు లాభముండదు.

దేశమునకు ఇంధనము కావలసియుండగా బూడిదను గూర్చి చర్చింపనేల యని కొందరందురు. బూడిదను లెక్కింపకపోవుటచేతనే రామగుండము మునిగినది. లెక్క అడుగుట దేశద్రోహము కాదు, దేశసేవ. బొగ్గును పూర్తిగా విడిచి సూర్యకాంతిని, గాలిని నమ్ముకొనవలెనని మరికొందరందురు. ఆ దినము రావలెననియే మా కోరికయు. కాని సింగరేణి గనులు నేడును సంవత్సరమునకు 7 కోట్ల టన్నుల బొగ్గును తీయుచున్నవి. తీసిన బొగ్గు ఎట్లును కాలుచునేయున్నది. కాలునంతకాలము శుభ్రముగా కాలవలెనని పట్టుపట్టుటలో తప్పేమి?

కావున మేము కోరునవి ఇవి. బొగ్గును కడుగు యంత్రములు గనుల చెంతనే యుండవలెను. మట్టికి రైలు కిరాయి చెల్లించు అవివేకము మానవలెను. కడుగుటకు గనులనుండి తోడివేయు నీటిని వాడవలెనుగాని, చెరువు నీటిని, త్రాగు నీటిని ముట్టరాదు. వాడిన నీటినే వడగట్టి మరల వాడవలెను. మండు పదార్థముగల రద్దును తగిన బాయిలర్లలో కాల్చవలెను; మండనిదానిని త్రవ్వి విడిచిన గోతులలో, భూగర్భజలమునకు హాని కలుగకుండ, నింపవలెను. చమురు కర్మాగారమునకు అనుమతి నిచ్చుటకు పూర్వమే బొగ్గు, నీరు, బూడిద, బొగ్గుపులుసు వాయువు అను నాలుగింటి లెక్కయు ప్రకటింపబడవలెను. నాలుగింటిలో ఏ ఒక్కటి తేలకున్నను అనుమతి ఆగవలెను.

ఇందు ప్రజల కర్తవ్యము కూడ కలదు. 2006 సెప్టెంబరు 14వ తేదీ పర్యావరణ ప్రకటన ననుసరించి, బొగ్గును కడుగు పరిశ్రమలకును పర్యావరణ అనుమతి అవసరము. ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలసినచో కనీసము 30 దినములు ముందుగా ప్రకటింపవలెను. పరిశీలనా నివేదిక యొక్క సంగ్రహమును ప్రాంతీయ భాషలో ఈయవలెను. కాని అసలు నివేదిక వందల పుటల ఇంగ్లీషులో నుండును. సంగ్రహమో కార్యాలయపు బీరువాలో నుండును. సభనాడు వేదికపై పెద్దలు, క్రింద కూలివచ్చిన జనము. చదివినవాడొక్కడు లేక అనుమతి లభించును.

మన పఠనమందిరములు పుట్టినది ఇట్టి పనికే. పూర్వము గ్రంథాలయోద్యమము పల్లె పల్లెకు అక్షరమును తెచ్చినది. ఆ అక్షరము నేడు అంకెలను చదువవలెను. వికారాబాదు, తాండూరు పఠనమందిరములవారు తమ సీమలోని సిమెంటు, రాతి, గని పరిశ్రమల నివేదికలను తెప్పించి బల్లపై నుంచుడు. చదువగలవారు చదివి తక్కినవారికి తెలుగున చెప్పుడు. నీరెంత, బూడిదెంత, ఎవరి పొలము ప్రక్క అని అడుగుడు. సమాధానము వ్రాతపూర్వకముగా తీసికొనుడు.

దేశము తన చమురును తానే తీసికొను దినమును మేము స్వాగతింతుము. ఆ చమురు దీపము పట్టణములలో వెలుగునపుడు, దాని బూడిద పల్లెలపై పడకుండవలెను. స్వరాజ్యమున లాభము కొందరిది, మురికి అందరిది కాజాలదు.